సిద్దక్క విన్న సద్దు

అనగా అనగా, కొండలకు ఇంకా ఎవరూ హద్దులు గీయని కాలంలో, గొర్రెల మంద ఎటు నడిస్తే అటే దారి పడే కాలంలో, కొలిమిపల్లె అని ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో కోడికూత కంటే ముందు సమ్మెట దెబ్బ వినిపించేది. దగ్గరికి రండి, చెబుతాను. పిల్లలు ముందు కూర్చోండి, ఈ కథలో మీకూ పని ఉంది.

ఆ పల్లెలో మోనప్ప అని ఒక కమ్మరి. అతని భార్య కాళమ్మ. అతను సమ్మెట కొడితే ఆమె కొలిమికి గాలి ఊదే తిత్తి లాగేది. కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు అందరు కమ్మర్లూ చేస్తారు. మోనప్ప చేసేది మడతచాకు. కొండల మీద తిరిగే గొర్రెలవాళ్లకు అది ప్రాణంతో సమానం. కొమ్మ నరకాలన్నా, గిట్ట చెక్కాలన్నా, ఈనిన గొర్రెకు బొడ్డు కోయాలన్నా అదే.

మడతచాకు మీరందరూ చూసినదే. అలుగు, అదే కోసే రేకు, పిడిలోకి మడుచుకుని పడుకుంటుంది. రొండిన దోపుకుని ఎంత దూరమైనా పోవచ్చు. కానీ మనం మడిస్తే మడుచుకునే వస్తువు, మనం అడగకపోయినా మడుచుకోగలదు. అందులో ఉన్న భయమంతా అదే. చేతిలో ఉండగా మడుచుకుందంటే దాని కింద ఉండేది మన వేళ్లే కదా.

అందుకని పిడి లోపల ఒక నాలిక పెడతారు. సన్నటి ఉక్కు రేకు, కొంచెం లోపలికి వంచినది. చాకు మూసి ఉన్నంతసేపు అలుగు తోక, పిడిలో ఉండే దాని మొదలు, ఆ నాలికను పక్కకు తోసి పెట్టి ఉంచుతుంది. నాలిక పిడి గోడకు ఆనుకుని, ఎప్పుడు సందు దొరుకుతుందా అని చూస్తూ ఉంటుంది. అలుగు పూర్తిగా తెరుచుకోగానే తోక పక్కకు తప్పుకుంటుంది. సందు దొరకడమే ఆలస్యం, నాలిక ఎగిరొచ్చి తోక వెనకాల నిలబడుతుంది. టక్ మంటుంది. తలుపుకు గడియ పడ్డట్టే. ఇక అలుగు వెనక్కి పోదామన్నా నాలిక పోనివ్వదు. మూయాలంటే మనమే బొటనవేలితో నాలికను పక్కకు జరపాలి.

మోనప్ప చాకులకు పేరొచ్చింది ఆ టక్ మనే సద్దు వల్లే. గొర్రెల సంత జరిగే పరసలో పదిమంది పది చాకులు తెరిచినా, మోనప్ప చాకు ఏదో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు. అంత తియ్యటి సద్దు. ఆ గుట్టు ఏమిటంటే, అతను తోక అంచును రాయి మీద అరగదీసి నునుపు చేసేవాడు. నునుపు చేసిన కొద్దీ సద్దు తియ్యనవుతుంది. కానీ నునుపైన కొద్దీ నాలికకు కాలూనుకునే చోటు తగ్గిపోతుంది. బండ మీద నాచు పట్టిన చోట నిలబడినట్టు ఉంటుంది దాని బతుకు. ఈ సంగతి మోనప్పకు తెలుసు. తెలుసు కాబట్టే ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేవాడు.

పైగా వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. మోనప్ప తండ్రి పెట్టింది. చాకు తయారయ్యాక, కొనేవాళ్ల ఎదుటే, తెరిచిన చాకు వీపును, పదును లేని వైపును, మొద్దు మీద మూడు దెబ్బలు కొట్టాలి. నాలిక మూడు దెబ్బలకూ నిలబడితే చాకు వాళ్లది. ఒక్క దెబ్బకు జారినా చాకు కొలిమిది. మళ్లీ కరిగి ఇనుప ముద్ద కావాల్సిందే. ఒకటి, రెండు, మూడు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక సిద్దక్క సంగతి. సిద్దక్క గొర్రెలవాళ్ల ఆడమనిషి. మొగుడు చిన్నవయసులోనే పోతే, ఒక్క కూతుర్ని వెంటేసుకుని మందతో కొండలన్నీ తిరిగేది. ఆమె నడుస్తూ నడుస్తూనే కదురు తిప్పేది. గొర్రెబొచ్చు ఆమె వేళ్ల మధ్యకు వస్తే దారమై బయటికి వచ్చేది. ఆమె వడికిన నూలుతో నేసిన కంబళి మీద వాన పడితే నీళ్లు జారిపోతాయే గానీ లోపలికి దిగవని చెప్పుకునేవాళ్లు. అంతకుమించి ఆమె గురించి ఎవరూ ఏమీ చెప్పుకునేవాళ్లు కాదు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఎవరి నోట్లోనూ నానే మనిషి కాదు.

ఆమె మోనప్పను ఒక చాకు అడిగింది. బదులుగా తన నూలుతో ఒక కంబళి నేయించి, చాకు చేతికి రాకముందే తెచ్చి ఇచ్చింది. నల్లది, అంచున తెల్ల చార ఉన్నది. మోనప్ప దాన్ని భుజాన వేసుకుని చూసి మురిసిపోయాడు.

అది పరస రోజులు. మోనప్ప వాకిట్లో జనం కిటకిటలాడుతున్నారు. సిద్దక్క చాకు తోకను అరగదీస్తూ అరగదీస్తూ, ఆ హడావిడిలో, ఇంకొంచెం తియ్యగా, ఇంకొంచెం తియ్యగా అనుకుంటూ, ఆగాల్సిన చోటు దాటిపోయాడు. తెరిచి చూస్తే అంత తియ్యటి సద్దు అతను ఎన్నడూ వినలేదు. వాకిట్లో నిలబడిన వాళ్లంతా తలలు తిప్పి చూశారు. మోనప్ప ఛాతీ పొంగింది.

మొద్దు మీద మొదటి దెబ్బ కొట్టాడు. నిలబడింది. రెండో దెబ్బ కొట్టాడు. నిలబడింది. మూడో దెబ్బకు నాలిక జారింది. అలుగు కొంచెం, గోరంత, వెనక్కి వాలి ఆగింది. మోనప్ప గబుక్కున బొటనవేలితో దాన్ని సర్దేసి గట్టిగా దగ్గాడు. సిద్దక్క అప్పుడు మందవైపు చూస్తోంది. ఆమె కంటపడలేదు. కాళమ్మ తిత్తి మాత్రం ఒక్క ఊపిరి ఆగి, మళ్లీ కదిలింది.

అంతమంది ముందు చాకును కొలిమిలో పడేస్తే పరువేం కావాలి? అంత తియ్యటి సద్దు విన్నాక దాన్ని ఇనుప ముద్ద చేయడానికి చెయ్యెలా వస్తుంది? వాడగా వాడగా అదే కుదురుకుంటుందిలే అనుకున్నాడు మోనప్ప. చాకు మూసి సిద్దక్క చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకు అద్దుకుని మందను తోలుకుని వెళ్లిపోయింది.

చాకు కుదురుకోలేదు. ఆ ఎండాకాలం, కొండ మీద గడ్డి మాడిపోయినప్పుడు, సిద్దక్క గొర్రెపిల్లల కోసం తుమ్మకొమ్మ నరుకుతోంది. అలుగు కొమ్మలో ఇరుక్కుంది. బయటికి లాగబోయింది. నాలిక జారింది. అలుగు వచ్చి ఆమె వేళ్ల మీద మూసుకుంది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు. కూతురు మాళమ్మ గొర్రెబొచ్చు అదిమిపెట్టి, చెంగు చించి కట్టు కట్టింది. గాయం మానింది గానీ ఆ మూడు వేళ్లూ లోపలికి ముడుచుకుపోయాయి. మళ్లీ తెరుచుకోలేదు. కదురు పట్టుకుంటే జారి కింద పడేది. ఎంత పట్టినా జారి కిందే పడేది. మోనప్ప భుజం మీద ఉన్న ఆ నల్ల కంబళే సిద్దక్క నూలుతో నేసిన చివరి కంబళి అయింది.

కబురు కొలిమిపల్లెకు చేరింది. మోనప్ప చేతిలో సమ్మెట అలాగే ఉండిపోయింది. ఆమె వస్తుంది, నలుగురిలో నిలబెట్టి కడిగేస్తుంది అనుకున్నాడు. వస్తే ఏం చెప్పాలో ఆలోచించుకున్నాడు. ఏమీ తోచలేదు.

ఆమె రానే వచ్చింది. చేతికి కట్టుతో, చాకును గుడ్డలో చుట్టుకుని, వాకిలి బయటే నిలబడింది. కడిగేయడానికి రాలేదు. ఆమె అన్న మాట వినండి.

"నీ చాకుకు చెడ్డపేరు తెచ్చినా అన్నా. ఎవరూ కోసుకోని చాకుతో నేను కోసుకుంటి. నేనేం తప్పు చేసినానో చెప్పు. మా పిల్లోళ్లన్నా నేర్చుకుంటారు."

మోనప్పకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాది అనడానికి నోరు తెరిచాడు. అదే వాకిట్లో చాకు కొనడానికి వచ్చిన ఇద్దరు నిలబడి వింటున్నారు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది. సద్దు విన్నావా అని అడిగాడు. టక్ మనకుండా చాకు వాడకూడదని, నాలిక పడిందో లేదో ఆ సద్దే చెబుతుందని, ఆమె వినకుండా వాడి ఉంటుందని అన్నాడు.

సిద్దక్క చాకును అతనికే ఇచ్చేయబోయింది. మోనప్ప పుచ్చుకోలేదు. పుచ్చుకుంటే ఆచారం ప్రకారం ఆమె ఎదుట మళ్లీ మూడు దెబ్బలు కొట్టి చూపాలి. నీ దగ్గరే ఉంచుకో, వాడొద్దు అన్నాడు. ఆమె సరేనని దండం పెట్టి వెళ్లింది. దండం పెట్టిందని చెబుతున్నాను, వింటున్నారా? కట్టు కట్టిన చేత్తో.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. తల వంచుకుని, వెనకాముందూ ఆడుతూ, సద్దు విన్నట్టే గుర్తుంది అన్నా, అంది. మళ్లీ మళ్లీ తలచుకున్నానని, ఆ తియ్యటి సద్దు చెవిలో ఇంకా ఉందని అంది. ఈసారి వాకిట్లో ఎవరూ లేరు. కాళమ్మ తప్ప ఎవరూ లేరు. అయినా మోనప్ప చెప్పలేకపోయాడు. మొదటి అబద్ధం రెండోదాన్ని చేయిపట్టుకుని తీసుకొచ్చింది. తుడిచావా అని అడిగాడు. సందులో దుమ్మో, బొచ్చో, చెట్టు జిగురో పడితే నాలిక సగమే వస్తుందని, సద్దు వచ్చినా పూర్తిగా రాదని, ఆమె తుడవకుండా వాడి ఉంటుందని అన్నాడు. సిద్దక్క ఆలోచించి, అయి ఉండొచ్చు అని వెళ్లిపోయింది.

మూడోసారి వచ్చేసరికి ఆమె మొహంలో కళ లేదు. తుడిచినట్టే గుర్తన్నా, పొద్దున్నే చెంగుతో తుడిచినా, అంది. అలా అంటూ మోనప్ప మొహంలోకి చూసింది. నిజం చెప్పమని అడిగిన చూపు కాదది. తన మతి సరిగ్గా ఉందో లేదో తేల్చి చెప్పమని అడిగిన చూపు. మోనప్ప నేలచూపులు చూస్తూ, అయితే వీపు మీద నొక్కి ఉంటావు అన్నాడు. చాకు కోసే వాదర వైపు పని చేయడానికే గానీ వీపు వైపు బరువు మోయడానికి కాదని, వీపు మీద బరువేస్తే ఎంత మంచి నాలికైనా జారుతుందని అన్నాడు.

సిద్దక్క ముడుచుకుపోయిన వేళ్లను చూసుకుంది. ఆ తరువాత అంది: "నొక్కలేదనే అనుకుంటి. నాకే మతి తప్పిందేమోలే అన్నా."

ఆమె వెళ్లిపోయాక మోనప్ప భుజం మీది కంబళి తీసి పెట్టెలో పెట్టేశాడు. చలికి వణికినా మళ్లీ బయటికి తీయలేదు. వేళ్లు పోగొట్టిన పాపం ఒకటి. ఆమె కళ్లతో చూసింది, చెవులతో విన్నది ఆమెకే అబద్ధం చేసిన పాపం ఇంకొకటి. ఈ రెండోది మొదటిదాని కంటే బరువని అతనికి ఆ రోజే తెలిసింది. సిగ్గుతో అన్నం సహించేది కాదు. ఎవరైనా పని బాగుందని మెచ్చుకుంటే కారం తిన్నట్టు మొహం ఎర్రబడేది.

ఇక్కడ ఒక చిత్రం జరిగింది. మోనప్ప చెప్పిన మూడు మాటలూ నిజానికి మంచి మాటలే. సద్దు వినాలి, సందు తుడవాలి, వీపు నొక్కకూడదు. మడతచాకు పట్టే ప్రతివాళ్లకూ అవి కావాలి. సిద్దక్క విషయంలో మాత్రమే అవి అబద్ధాలు. సిద్దక్క ఆ మూడింటినీ మనసులో పెట్టుకుని, మంద ఆగిన ప్రతిచోటా పిల్లల్ని పోగేసి నేర్పడం మొదలుపెట్టింది. ముడుచుకుపోయిన వేళ్లు చూపించి నేర్పేది. పిల్లలకు గుర్తుండాలని పాట కూడా కట్టింది. తన మీద తనే కట్టుకుంది.

వినలేదు సిద్దక్క, వేలు తెగె
తుడవలేదు సిద్దక్క, వేలు తెగె
వీపు నొక్కె సిద్దక్క, వేలు తెగె

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వినా, చాకు తెరిచినప్పుడు వాళ్లు చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్లు. సందు తుడిచేవాళ్లు. ఏ కొండ మీదా మళ్లీ ఏ పిల్లా, ఏ పిల్లాడూ వేలు తెగ్గోసుకోలేదు. పాట కొండలు దాటింది. ఆమె పేరు ఎన్నడూ వినని ఊళ్లలో కూడా, అజాగ్రత్తగా ఉన్నవాళ్లను ఏమే సిద్దక్కా, ఏరా సిద్దక్కా అని ఎగతాళి చేయడం మొదలైంది.

ఆ పాట చివరికి మోనప్ప వాకిట్లోకే వచ్చింది. పరసకు పోయే పిల్లలు పాడుకుంటూ పోతున్నారు. మోనప్ప చెవులు మూసుకోబోయాడు. రెండు చేతులకూ మసి. మూసుకోలేకపోయాడు. నేను పోతాను, ఆమె పోతుంది, ఈ పాట మాత్రం పోదు, ఆమె ఎప్పటికీ బుద్ధిలేని మనిషిగానే మిగిలిపోతుంది అని అతనికి అప్పుడు తట్టింది. నా అబద్ధం ఆమె పేరై కూర్చుంది అనుకున్నాడు.

ఆ రోజు నుంచి తోక అంచులు అరగదీయడం మానేశాడు. నాలిక నిండుగా ఆనేట్టు, అంచు వాడిగా ఉంచి చేశాడు. చాకులు గట్టిబడ్డాయి, సద్దు మొద్దుబారింది. ఏమి మోనప్పా, నీ చాకులు ముందులా పలకడం లేదే అని జనం అడిగితే, వయసైపోయింది అనేవాడు. అదీ అబద్ధమే. వానలు వెనకపట్టి మందలు దిగి వచ్చినప్పుడు సిద్దక్క కాళ్లు పట్టుకుని చెప్పేద్దామని గట్టిగా నిశ్చయించుకున్నాడు. మందలు దిగి వచ్చాయి. సిద్దక్క రాలేదు.

మాళమ్మ వచ్చింది. తల్లి వాకిలి బయట నిలబడినట్టే నిలబడింది. అమ్మ కొండ మీద జ్వరం తగిలి పోయిందని చెప్పింది. గుడ్డలో చుట్టిన చాకు తీసి గడప మీద పెట్టింది.

"అమ్మ దీన్ని నీకు ఇయ్యమనింది. మంచి చాకంట, తన చేతిలో పడి చెడ్డపేరు తెచ్చుకునిందంట. తెలిసినోళ్లు ఎవరికన్నా ఇచ్చి, దాని పేరు నిలబెట్టమనింది."

చెప్పి, మంద దగ్గరికి వెళ్లిపోయింది. మోనప్ప ఆ చాకు ముందు కూలబడ్డాడు. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు అతనికి.

కాళమ్మ తిత్తి వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమె ఈ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇప్పుడు నెమ్మదిగా అంది:

"ఆ రోజు మూడో దెబ్బ నేనూ విన్నా. నువ్వు చెప్తావులే అని ఊరకుంటి. నువ్వు చెప్పలే, నేనూ చెప్పలే. ఇద్దరం చేరి ఆ యమ్మను మతి లేనిదాన్ని చేసినాం."

మోనప్ప గుడ్డ విప్పాడు. చాకు నిగనిగలాడుతోంది. వేళ్లు తెగాక ఆమె దాన్ని ఎన్నడూ వాడలేదు. కానీ తుడుస్తూనే ఉంది. సందులో ఒక్క బొచ్చు పోగు లేదు, ఒక్క దుమ్ము రేణువు లేదు. చెడిన చేత్తో, వాడని చాకును, అన్నాళ్లూ తుడుస్తూనే ఉంది. అది చూశాక మోనప్ప ఇంక ఆగలేకపోయాడు.

పరస నిండుగా ఉన్న రోజు, కొండల మీది గొర్రెలవాళ్లందరూ దిగి వచ్చిన రోజు, మోనప్ప పెట్టెలోంచి నల్ల కంబళి తీసి భుజాన వేసుకున్నాడు. ఒక చేత్తో సిద్దక్క చాకు, ఇంకో చేత్తో తుమ్మకొమ్మ పట్టుకుని పరస నడిబొడ్డున నిలబడ్డాడు. కాళమ్మ అతని వెనక నిలబడింది. జనం ఏదో వింత అని మూగారు. మాళమ్మ కూడా వచ్చి ఒక పక్కన నిలబడింది.

మోనప్ప చాకు తెరిచాడు. టక్. జనమంతా ఆహా అన్నారు. మోనప్ప చాకు పాత సద్దు అది, మళ్లీ వినిపించింది అని మురిసిపోయారు. విన్నారు కదా అని అడిగాడు. విన్నామన్నారు. కంబళి అంచుతో సందు తుడిచి, దగ్గరున్న వాళ్లకు చూపించాడు. శుభ్రంగా ఉందన్నారు. వీపు మీద చేయి వేయడం లేదు, చూడండి అన్నాడు. చూశామన్నారు.

అప్పుడు సిద్దక్క పట్టుకున్నట్టే పిడి పట్టుకుని కొమ్మను నరికాడు. మొదటి వేటుకు ఏమీ కాలేదు. రెండో వేటుకు ఏమీ కాలేదు. మూడో వేటుకు అలుగు కొమ్మలో ఇరుక్కుంది. ఇది జారుతుందని అతనికి తెలుసు. తన చేత్తో అరగదీసిన తోక, తన చేత్తో వంచిన నాలిక. వేళ్లు వెనక్కి తీసుకోవాలని ఒళ్లంతా చెబుతోంది. తీసుకోలేదు. లాగాడు. అలుగు వచ్చి అతని వేళ్ల మీద మూసుకుంది.

ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు. పిల్లలు గప్‌చిప్ అయ్యారు. నల్ల కంబళి మీద తెల్ల చార ఎర్రబడింది. మోనప్ప పళ్లు బిగబట్టి, అందరికీ వినబడేట్టు అన్నాడు:

"సద్దు విన్నా. సందు తుడిచినా. వీపు నొక్కలేదు. సిద్దక్క కూడా అంతే చేసింది. ఈ చాకు మొద్దు మీద మూడో దెబ్బకే జారింది. తెలిసే ఇచ్చినా."

గొర్రెలు అరుస్తున్నాయి. జనం అతని మీద పడి కొట్టి ఉంటే అతనికి సుఖంగా ఉండేదేమో. ఎవరూ కొట్టలేదు. ఊరికే చూస్తూ నిలబడ్డారు. అంతమంది చూపుల మధ్య నిలబడటం ఎలా ఉంటుందో, ఎప్పుడైనా తలదించుకున్న వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మాళమ్మ ముందుకు వచ్చింది. తన చెంగు చించి, గొర్రెబొచ్చు అదిమి, అతని చేతికి కట్టు కట్టింది. జాలిపడి కట్టింది కాదు. రక్తం కారుతుంటే చూస్తూ నిలబడటం ఆమెకు తల్లి నేర్పలేదు, అంతే. ముడి బిగించాక అడిగింది:

"మా అమ్మ మూడు తూర్లు నీ వాకిలికి వచ్చింది. ఒక్క తూరి చెప్పింటే ఏం పోయేది?"

మాళమ్మ జవాబు కోసం ఆగలేదు. చాకు తీసుకుని అతని వాకిటికి నడిచి, కొలిమిలో తనే పడేసింది. అది ఎర్రబడి, వంగి, ఇనుప ముద్ద అయ్యేదాకా నిలబడి చూసి వెళ్లిపోయింది.

ఆ తరువాత మోనప్ప సమ్మెట పట్టలేకపోయాడు. అతని మూడు వేళ్లూ ముడుచుకుపోయాయి. తిత్తి దగ్గర అతను కూర్చున్నాడు, సమ్మెట కాళమ్మ ఎత్తింది. బతికినన్నాళ్లూ అతను తలెత్తి నడిచింది లేదు. కానీ ఆ కొలిమిలో చాకు తయారైతే, కొనేవాళ్ల ఎదుట మొద్దు మీద మూడు దెబ్బలు కొట్టే పని మాత్రం తనే చేసేవాడు. ఊరికే కొట్టేవాడు కాదు. అలుగు మూసుకుంటే పడే చోట, బాగున్న ఎడమచేతి వేలు తనే పెట్టి కొట్టేవాడు. నాలిక జారితే తెగేది తన వేలే. దగ్గి దాచుకోవడానికి వీలు లేకుండా ఆ పద్ధతి పెట్టాడు. అలా పెట్టేటప్పుడు ఒకే మాట అనేవాడు: "ముందు నా వేలు."

అందుకే నాయనా, ఇప్పటికీ ఆ కొండల దిక్కున ఏ కమ్మరి మడతచాకు చేసినా, ముందు నా వేలు అని తన వేలు పెట్టి మూడు దెబ్బలు కొడతాడు. కొట్టనివాడి దగ్గర ఎవరూ చాకు ముట్టుకోరు. ఎందుకు కొడుతున్నావని అడిగితే, సిద్దక్క కోసం అంటాడు. మోనప్ప పేరు చాలామందికి తెలియదు. నా పేరు వదిలేయండి, ఆమె పేరు నిలబెట్టండి అని అతనే వేడుకున్నాడట.

పాట కూడా మారింది. పరసలో ఆ రోజు గప్‌చిప్ అయిన పిల్లలే, కొండలెక్కి పోతూ పోతూ మార్చారు. ఇప్పుడు అక్కడ చాకు తెరిచే ప్రతి చెయ్యీ ముందు చెవి దగ్గరికి పోతుంది. టక్ మనగానే పాడతారు. మీరూ పాడండి, ముందు కూర్చోమన్నది ఇందుకే.

విన్నది సిద్దక్క, వినండి
తుడిచింది సిద్దక్క, తుడవండి
వీపు నొక్కలేదు సిద్దక్క, నొక్కకండి

మంచి చాకు చూసినా, మాట మీద నిలబడే మనిషిని చూసినా, సిద్దక్కలా ఉంది అంటారు ఆ ఊళ్లలో. ఎగతాళికి కాదు.

కథ మడతపడింది, అలుగు పిడిలోకి పోయింది. మీ మీ వేళ్లు మీ దగ్గరే ఉన్నాయో లేదో చూసుకుని ఇళ్లకు పోండి.